కాంతి తరంగ స్వభావం

కాంతి కొన్ని సందర్భాలలో నీటి అలల వలె, శబ్ద తరంగాల వలె ప్రవర్తించడాన్ని కాంతి తరంగ స్వభావం అంటారు. వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం అనే మూడు దృగ్విషయాలు దీనికి ముఖ్యమైన నిదర్శనాలు. కాంతి సూక్ష్మ కణాల ప్రవాహం మాత్రమే అయితే ఒక వెలుగుకు మరొక వెలుగు కలిసినప్పుడు ఎల్లప్పుడూ ఎక్కువ వెలుగే రావాలి. కాని తగిన పరిస్థితులలో రెండు వెలుగులు కలిసిన చోట చీకటి ఏర్పడుతుంది. ఈ ఒక్క విషయాన్ని వివరించడానికి భౌతిక శాస్త్రవేత్తలు శతాబ్దానికి పైగా వాదించుకున్నారు. ఆ వాదం తీరిన తరువాత కాంతిని గురించిన అవగాహన పూర్తిగా మారిపోయింది.

తరంగ లక్షణాలు

నిలకడగా ఉన్న చెరువులో రాయి వేస్తే అలలు వలయాలుగా వ్యాపిస్తాయి. నీటిపై తేలే ఆకు అలతో పాటు ఒడ్డుకు కొట్టుకుపోదు, ఉన్న చోటనే పైకీ కిందికీ ఊగుతుంది. అంటే తరంగం మోసుకుపోయేది శక్తిని, పదార్థాన్ని కాదు. అలలో ఎత్తైన భాగాన్ని శృంగం అని, పల్లమైన భాగాన్ని ద్రోణి అని అంటారు. పక్కపక్కనే ఉన్న రెండు శృంగాల మధ్య దూరం తరంగదైర్ఘ్యం. ఒక సెకనులో ఒక బిందువును దాటే తరంగాల సంఖ్య పౌనఃపున్యం. ఈ రెండింటి లబ్ధమే తరంగ వేగం.

శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. మనిషి కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. ఊదా రంగు కాంతికి తరంగదైర్ఘ్యం తక్కువ, ఎరుపు రంగు కాంతికి ఎక్కువ. వీధి దీపాలలో వాడే సోడియం దీపపు పసుపు కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 589 నానోమీటర్లు.

కాంతి గాలిలో నుండి నీటిలోకి ప్రవేశించినప్పుడు దాని వేగం, తరంగదైర్ఘ్యం తగ్గుతాయి కాని పౌనఃపున్యం మారదు. 589 నానోమీటర్ల పసుపు కాంతి నీటిలో సుమారు 443 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కలిగి ఉంటుంది. అయినా నీటిలో మునిగి చూసే వ్యక్తికి అది పసుపుగానే కనిపిస్తుంది. కాంతి రంగును పౌనఃపున్యమే నిర్ణయిస్తుందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

చరిత్ర

కణమా, తరంగమా?

ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో గ్రిమాల్డి సన్నని రంధ్రం గుండా వచ్చిన సూర్యకాంతిలో ఉంచిన వస్తువుల నీడలను పరిశీలించాడు. నీడ అంచు స్పష్టంగా ఉండక, దాని వెంట రంగుల చారలు ఉండడం గమనించాడు. ఈ పరిశీలనలు ఆయన మరణానంతరం 1665లో ప్రచురితమైనాయి. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1690లో ప్రచురించిన గ్రంథంలో కాంతిని తరంగంగా వర్ణించి, పరావర్తనాన్ని, వక్రీభవనాన్ని వివరించాడు. అయితే హైగెన్స్ ఊహించిన తరంగాలు క్రమబద్ధంగా ఒకదాని వెనుక ఒకటి వచ్చేవి కావు. అందువలన ఆయన సిద్ధాంతంలో తరంగదైర్ఘ్యానికి చోటు లేకపోయింది, రంగులకు వివరణ దొరకలేదు.

ఐజాక్ న్యూటన్ 1704లో ప్రచురించిన 'ఆప్టిక్స్' గ్రంథంలో కణ సిద్ధాంతం వైపు మొగ్గు చూపాడు. ఆయన అభ్యంతరం సహేతుకమైనదే. శబ్దం గోడ మూల తిరిగి వినిపిస్తుంది. కాంతి కూడా తరంగమే అయితే అది కూడా మూల తిరగాలి, అప్పుడు స్పష్టమైన నీడలు ఏర్పడకూడదు. ఈ ప్రశ్నకు ఆనాడు తృప్తికరమైన సమాధానం లేదు. న్యూటన్‌కు గల ప్రతిష్ఠ వలన కూడా 18వ శతాబ్దమంతా కణ సిద్ధాంతమే ఎక్కువ ఆదరణ పొందింది.

థామస్ యంగ్

ఆంగ్ల వైద్యుడు థామస్ యంగ్ (1773-1829) 1801లో లండన్ రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసంలో వ్యతికరణ భావనను వివరించాడు. పలుచని పొరలలో కనిపించే రంగుల గురించి న్యూటన్ స్వయంగా తీసుకున్న కొలతలనే ఉపయోగించి ఆయన కాంతి తరంగదైర్ఘ్యాలను లెక్క కట్టాడు. ఎరుపు కాంతికి అంగుళంలో సుమారు 36,000వ వంతు, ఊదా కాంతికి సుమారు 60,000వ వంతు అని తేలింది. ఈ విలువలు నేటి విలువలకు చాలా దగ్గరగా ఉన్నాయి.

1803లో యంగ్ చేసిన ప్రయోగం సరళమైనది. కిటికీ తలుపుకు చేసిన చిన్న రంధ్రం గుండా వచ్చిన సూర్యకిరణానికి అడ్డుగా అంగుళంలో 30వ వంతు వెడల్పు గల అట్టముక్కను నిలబెట్టాడు. అట్టముక్క నీడ లోపల వెలుగు, చీకటి చారలు కనిపించాయి. అట్టకు ఒక పక్క నుండి వెళ్ళే కాంతిని అడ్డగించగానే ఆ చారలు మాయమైనాయి. రెండవ పక్క కాంతికి ఏ అడ్డూ లేకపోయినా ఇలా జరిగింది. కాబట్టి చారలు ఏర్పడడానికి రెండు పక్కల నుండి వచ్చే కాంతి కలుసుకోవడమే కారణమని రుజువయింది. పాఠ్యపుస్తకాలలో ప్రసిద్ధమైన రెండు చీలికల ప్రయోగ వర్ణన 1807లో అచ్చయిన ఆయన ఉపన్యాసాలలో ఉన్నది.

యంగ్ వాదనకు స్వదేశంలో ఆదరణ లభించలేదు. 'ఎడిన్‌బరో రివ్యూ' పత్రికలో హెన్రీ బ్రౌహమ్ దానిని తీవ్రంగా విమర్శించాడు.

ఫ్రెనెల్, అరాగో చుక్క

ఫ్రాన్స్‌లో రహదారుల ఇంజనీరుగా పనిచేసిన అగస్టిన్ ఫ్రెనెల్ 1815 నుండి ఇదే సమస్యపై కృషి చేశాడు. ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు వివర్తనంపై ప్రకటించిన పోటీకి తన గణిత సిద్ధాంతాన్ని పంపాడు. న్యాయనిర్ణేతలైన లాప్లాస్, బియో, ప్వాసాన్, అరాగో, గే-లుసాక్‌లలో మొదటి ముగ్గురు కణ సిద్ధాంతాన్ని సమర్థించేవారే.

ప్వాసాన్ ఫ్రెనెల్ సమీకరణాలను పరీక్షించి ఒక విచిత్రమైన ఫలితాన్ని బయటపెట్టాడు. ఆ సమీకరణాలు నిజమైతే గుండ్రని బిళ్ళ నీడకు సరిగ్గా నడుమ ఒక వెలుగు చుక్క ఉండాలి. ఇది అసంభవం కాబట్టి సిద్ధాంతం తప్పు అన్నది ఆయన ఉద్దేశం. అరాగో ప్రయోగం చేసి చూడగా, నీడ నడుమ ఆ చుక్క నిజంగానే కనిపించింది. బిళ్ళ అంచులోని ప్రతి బిందువు నుండి నీడ కేంద్రానికి దూరం సమానం కాబట్టి, అన్ని వైపుల నుండి వచ్చే తరంగాలు అక్కడ శృంగంతో శృంగం కలిసి బలపడతాయి. ఖండించడానికి చూపిన ఫలితమే సిద్ధాంతానికి గట్టి ఆధారమైంది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కు లభించింది. ఈ వెలుగు చుక్కను అరాగో చుక్క అని, ప్వాసాన్ చుక్క అని కూడా పిలుస్తారు.

1850లో లియోన్ ఫూకో కాంతి వేగం గాలిలో కంటే నీటిలో తక్కువని ప్రయోగపూర్వకంగా చూపాడు. కణ సిద్ధాంతం ప్రకారం నీటిలో వేగం ఎక్కువ కావాలి. తరంగ సిద్ధాంతం ప్రకారం తక్కువ కావాలి. ఈ ప్రయోగంతో న్యూటన్ కాలం నాటి కణ సిద్ధాంతానికి ఆధారం లేకుండా పోయింది.

హైగెన్స్ సూత్రం

ఒకే దశలో కంపించే బిందువులను కలిపే తలాన్ని తరంగాగ్రం అంటారు. హైగెన్స్ సూత్రం ప్రకారం తరంగాగ్రంపై ఉన్న ప్రతి బిందువు ఒక కొత్త చిన్న తరంగానికి జన్మస్థానంగా పనిచేస్తుంది. ఈ చిన్న తరంగాలన్నింటినీ స్పర్శించే తలమే మరుక్షణంలో ఏర్పడే కొత్త తరంగాగ్రం. చిన్న తరంగాలు ఒకదానితో ఒకటి వ్యతికరణం చెందుతాయని ఫ్రెనెల్ ఈ సూత్రానికి చేర్చాడు. దానితో వివర్తనాన్ని కూడా లెక్క కట్టడం సాధ్యమైంది.

వ్యతికరణం

రెండు తరంగాలు ఒకే చోట కలిసినప్పుడు అక్కడి మొత్తం కంపనం ఆ రెండు కంపనాల బీజీయ మొత్తానికి సమానం. దీనిని అధ్యారోపణ సూత్రం అంటారు. ఒకదాని శృంగంపై మరొకదాని శృంగం పడితే కంపనం పెరుగుతుంది. దీనిని సంపోషక వ్యతికరణం అంటారు. ఒకదాని శృంగంపై మరొకదాని ద్రోణి పడితే కంపనం నశిస్తుంది. దీనిని వినాశక వ్యతికరణం అంటారు.

రెండు సన్నని చీలికల నుండి తెరపై ఒక బిందువుకు చేరే కాంతి ప్రయాణించిన దూరాలలోని తేడాను పథ భేదం అంటారు. పథ భేదం సున్న గాని, తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక గుణిజం గాని అయితే అక్కడ వెలుగు పట్టీ ఏర్పడుతుంది. పథ భేదం సగం తరంగదైర్ఘ్యం, ఒకటిన్నర, రెండున్నర ఇలా ఉంటే చీకటి పట్టీ ఏర్పడుతుంది. తెర తగినంత దూరంలో ఉన్నప్పుడు వరుసగా ఉన్న రెండు వెలుగు పట్టీల మధ్య దూరం ఈ విధంగా ఉంటుంది:

పట్టీ వెడల్పు = (తరంగదైర్ఘ్యం × తెరకు గల దూరం) ÷ చీలికల మధ్య దూరం

ఉదాహరణకు సోడియం కాంతితో, 0.5 మిల్లీమీటర్ల ఎడం గల చీలికలతో, 1 మీటరు దూరంలోని తెరపై పట్టీ వెడల్పు సుమారు 1.18 మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడా లేని తరంగదైర్ఘ్యాన్ని మామూలు కొలబద్దతో కొలవగలగడం ఈ ప్రయోగం గొప్పతనం.

చీకటి పట్టీలో కాంతి శక్తి నశించిపోతుందా అనే సందేహం విద్యార్థులకు కలగడం సహజం. శక్తి నశించదు, దాని పంపిణీ మాత్రమే మారుతుంది. ఒక్కొక్క చీలిక విడిగా ఇచ్చే తీవ్రతను 1 అనుకుంటే, వెలుగు పట్టీ నడుమ తీవ్రత 2 కాదు, 4 అవుతుంది. చీకటి పట్టీ నడుమ 0 అవుతుంది. రెండింటి సగటు 2. అంటే చీకటి పట్టీలో తగ్గిన శక్తి వెలుగు పట్టీలోకి చేరింది.

గదిలో రెండు బల్బులు వెలిగించినప్పుడు ఇటువంటి పట్టీలు కనిపించకపోవడానికి కారణం ఉంది. స్థిరమైన పట్టీలు ఏర్పడాలంటే రెండు తరంగాల దశల మధ్య తేడా మారకుండా ఉండాలి. అటువంటి జనకాలను సంబద్ధ జనకాలు అంటారు. బల్బులోని అసంఖ్యాకమైన పరమాణువులు దేనికది విడివిడిగా కాంతిని వెలువరిస్తాయి కాబట్టి రెండు బల్బుల కాంతి దశల మధ్య తేడా క్షణక్షణానికీ మారిపోతుంది. పట్టీలు కంటికి అందనంత వేగంగా స్థానం మారుతూ, సగటున ఏకరీతి వెలుగుగా కనిపిస్తాయి. ఒకే జనకం నుండి వచ్చిన కాంతిని రెండుగా విడదీసి మళ్ళీ కలపడం ద్వారా యంగ్ ఈ ఇబ్బందిని అధిగమించాడు.

పలుచని పొరల రంగులు

సబ్బు బుడగ మీద, తడి రోడ్డుపై ఒలికిన పెట్రోలు మీద కనిపించే రంగులు ఆ ద్రవాలలో ఉన్నవి కావు. పొర పైతలం నుండి పరావర్తనం చెందిన కాంతి, కింది తలం నుండి పరావర్తనం చెందిన కాంతి కలిసి వ్యతికరణం చెందుతాయి. పొర మందాన్ని బట్టి, చూసే కోణాన్ని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని నశిస్తాయి. సబ్బు పొర బాగా పలుచబడి పగిలిపోయే ముందు, పై భాగం నల్లగా కనిపిస్తుంది. అప్పుడు పథ భేదం దాదాపు సున్న అయినా, గాలిలో నుండి సబ్బునీటిపై పడి పరావర్తనం చెందిన కాంతి దశ మాత్రమే తారుమారు కావడం వలన రెండు కాంతులూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

కెమెరా కటకాలపై పూసే మెగ్నీషియం ఫ్లోరైడు పూత ఇదే సూత్రంపై పనిచేస్తుంది. సుమారు 100 నానోమీటర్ల మందం గల ఈ పూత ఆకుపచ్చ ప్రాంతపు కాంతి పరావర్తనాన్ని తగ్గించి, ఎక్కువ కాంతిని కటకం లోపలికి పంపుతుంది. నెమలి ఈక మెరుపు రంగులు కూడా ఈకలలోని అతి సూక్ష్మమైన క్రమబద్ధ నిర్మాణం వలన కలిగే వ్యతికరణ ఫలితమే.

వివర్తనం

అడ్డంకి అంచుల వద్ద తరంగం వంగి నీడలోకి వ్యాపించడాన్ని వివర్తనం అంటారు. న్యూటన్ అభ్యంతరానికి సమాధానం ఇందులోనే ఉన్నది. తరంగం ఎంత వంగుతుందన్నది తరంగదైర్ఘ్యానికి, ద్వారం వెడల్పుకు గల నిష్పత్తిపై ఆధారపడుతుంది. సెకనుకు 340 కంపనాలు గల శబ్దానికి గాలిలో తరంగదైర్ఘ్యం సుమారు 1 మీటరు. ఇది ఇంటి గుమ్మం వెడల్పుతో సమానం. అందువలన ఆ శబ్దం గుమ్మం దాటి గది అంతటా వ్యాపిస్తుంది. కాంతి తరంగదైర్ఘ్యం అదే గుమ్మం వెడల్పులో పది లక్షల వంతు కూడా ఉండదు కాబట్టి దాని వంపు కంటికి కనిపించదు. కాంతి కూడా మూల తిరుగుతుంది, కాని అతి స్వల్పంగా మాత్రమే.

ద్వారాన్ని 0.1 మిల్లీమీటరుకు తగ్గిస్తే పరిస్థితి మారుతుంది. 600 నానోమీటర్ల కాంతి 1 మీటరు దూరంలోని తెరపై కేంద్రం నుండి ఇరువైపులా 6 మిల్లీమీటర్ల చొప్పున వ్యాపించి, అక్కడ మొదటి చీకటి పట్టీ ఏర్పడుతుంది. చీలికను సన్నబరచిన కొద్దీ తెరపై వెలుగు మరింత వెడల్పు కావడం గమనించదగినది.

సమాన దూరాలలో అనేక గీతలు ఉన్న పలకను వివర్తన జాలకం అంటారు. ఇది తెల్లని కాంతిని రంగులుగా విడదీస్తుంది. సీడీపై పక్కపక్క వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. అందుకే సీడీని వెలుతురులో పట్టుకుంటే ఇంద్రధనుస్సు వంటి రంగులు కనిపిస్తాయి. నక్షత్రాలలో ఏ మూలకాలున్నాయో తెలుసుకోవడానికి ఖగోళ శాస్త్రవేత్తలు వివర్తన జాలకాలను ఉపయోగిస్తారు.

వివర్తనం దృశ్య సాధనాలకు ఒక హద్దు కూడా విధిస్తుంది. కాంతి బిందువు ప్రతిబింబం ఎంత మంచి కటకంతోనైనా బిందువుగా కాక చిన్న వలయంగా ఏర్పడుతుంది. మామూలు సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడిగా చూపలేదు. బాక్టీరియాలు మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించినా, చాలా వైరస్‌లను చూడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరం కావడానికి కారణం ఇదే. దూరదర్శినుల అద్దాలను పెద్దవిగా నిర్మించడానికి గల కారణాలలో కూడా ఇది ఒకటి.

ధ్రువణం

తరంగాలు రెండు రకాలు. కంపనం ప్రయాణ దిశలోనే జరిగితే అనుదైర్ఘ్య తరంగం, ప్రయాణ దిశకు లంబంగా జరిగితే తిర్యక్ తరంగం. గాలిలో శబ్దం మొదటి రకానికి చెందినది. కాంతి రెండవ రకానికి చెందినదని ధ్రువణం వలన తెలిసింది.

1669లో రాస్మస్ బార్తోలిన్ ఐస్‌లాండ్ నుండి వచ్చిన కాల్సైట్ స్ఫటికం గుండా చూస్తే ప్రతి వస్తువూ రెండుగా కనిపించడం గమనించాడు. 1808లో ఎతియెన్ మాలూస్ పారిస్‌లోని లగ్జెంబర్గ్ భవనపు కిటికీల నుండి పరావర్తనం చెందిన సూర్యకాంతిని అటువంటి స్ఫటికం గుండా చూశాడు. స్ఫటికాన్ని తిప్పినప్పుడు రెండు ప్రతిబింబాల వెలుగు మారింది. కాంతి కంపనాలు ప్రయాణ దిశకు లంబంగా ఉంటాయని 1821లో ఫ్రెనెల్ ప్రతిపాదించడంతో దీనికి వివరణ దొరికింది.

మామూలు కాంతిలో కంపనాలు ప్రయాణ దిశకు లంబంగా అన్ని దిశలలోనూ ఉంటాయి. పోలరాయిడ్ పలక ఒక దిశలోని కంపనాలను మాత్రమే పోనిస్తుంది. దానికి అడ్డంగా మరొక పోలరాయిడ్ పలకను లంబ దిశలో ఉంచితే కాంతి పూర్తిగా ఆగిపోతుంది. నీటిపై, రోడ్డుపై పడి పరావర్తనం చెందిన కాంతి కొంతవరకు ధ్రువణం చెంది ఉంటుంది కాబట్టి పోలరాయిడ్ కళ్ళద్దాలు ఆ మిరుమిట్లను తగ్గిస్తాయి. కాలిక్యులేటర్లు, ఎల్‌సీడీ తెరలు కూడా ధ్రువణంపై ఆధారపడి పనిచేస్తాయి.

ఏమి కంపిస్తుంది?

నీటి అలలో నీరు, శబ్దంలో గాలి కంపిస్తాయి. మరి కాంతిలో కంపించేది ఏమిటి? 19వ శతాబ్దపు శాస్త్రవేత్తలు విశ్వమంతటా ఈథర్ అనే యానకం నిండి ఉందని భావించారు. 1865లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం కాంతి విద్యుదయస్కాంత తరంగం. ఇందులో కంపించేవి విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం. 1887-88లలో హైన్‌రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించి, అవి కూడా కాంతి వలెనే పరావర్తనం, వక్రీభవనం చెందుతాయని చూపాడు. 1887లో మైకెల్సన్, మోర్లీ కాంతి వ్యతికరణాన్ని ఉపయోగించి ఈథర్‌లో భూమి చలనాన్ని కొలవబోయారు. ఆశించిన మార్పు కనిపించలేదు. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఈథర్ అవసరం లేకుండా చేసింది.

మైకెల్సన్ వాడిన పద్ధతికి నేటికీ ప్రాముఖ్యత ఉన్నది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో వేధశాలలు గురుత్వ తరంగాలను మొదటిసారి గుర్తించాయి. 4 కిలోమీటర్ల పొడవైన రెండు లంబ బాహువులలో ప్రయాణించిన లేజర్ కాంతి వ్యతికరణమే ఇందుకు సాధనం.

తరంగ సిద్ధాంతపు పరిమితి

కాంతి పడిన లోహం నుండి ఎలక్ట్రాన్లు వెలువడడాన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటారు. దీనిని తరంగ సిద్ధాంతం వివరించలేకపోయింది. 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి విడివిడి పొట్లాలుగా ఉంటుందని ప్రతిపాదించి దీనిని వివరించాడు. ఈ పొట్లాలకు తరువాత ఫోటాన్లు అనే పేరు వచ్చింది. అంతమాత్రాన పాత కణ సిద్ధాంతం తిరిగి రాలేదు. 1909లో జి. ఐ. టేలర్ అతి మసక వెలుతురులో, ఒక ప్రయోగంలో సుమారు మూడు నెలల పాటు ఛాయాచిత్ర ఫలకంపై కాంతి పడనిచ్చి, సూది నీడ చుట్టూ వివర్తన పట్టీలు మామూలుగానే ఏర్పడడం చూపాడు. ఫోటాన్లు ఒక్కొక్కటిగా వచ్చినా, చాలా సంఖ్యలో చేరిన తరువాత తరంగ సిద్ధాంతం చెప్పిన పట్టీలే ఏర్పడతాయి. కాంతి ప్రయాణంలో తరంగంగాను, పదార్థంతో శక్తిని ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కణంగాను వ్యవహరించడాన్ని ద్వంద్వ స్వభావం అంటారు. 1927లో ఎలక్ట్రాన్లు కూడా వివర్తనం చెందుతాయని రుజువు కావడంతో ఈ స్వభావం పదార్థానికి కూడా ఉందని తేలింది.

భారతీయుల కృషి

జగదీశ్ చంద్ర బోస్ 1890లలో కలకత్తాలో కొద్ది మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి, వాటి వక్రీభవనం, ధ్రువణం మొదలైన కాంతి లక్షణాలను పరిశీలించాడు. విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడే పాఠశాల విద్య పూర్తిచేసిన సి. వి. రామన్ మొదటి పరిశోధన వ్యాసం కాంతి వివర్తనం గురించినదే. దీర్ఘచతురస్రాకార ద్వారం వలన ఏర్పడే అసౌష్ఠవ వివర్తన పట్టీలపై ఆయన వ్రాసిన ఈ వ్యాసం 1906లో, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా ఉండగానే, 'ఫిలసాఫికల్ మేగజైన్'లో అచ్చయింది. 1930లలో రామన్, నాగేంద్రనాథ్ కలిసి ద్రవంలోని అతిధ్వని తరంగాల వలన కాంతి వివర్తనం చెందడాన్ని వివరించారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందిన సూరి భగవంతం 1931లో రామన్‌తో కలిసి ఫోటాన్ స్పిన్‌పై ప్రయోగాలు చేశాడు.

సులభమైన ప్రయోగం

ఒక తల వెంట్రుకను అట్టముక్కలోని రంధ్రానికి అడ్డంగా నిలువుగా అతికించి, దానిపై ఎర్రని లేజర్ పాయింటర్ కాంతిని వేస్తే ఎదుటి గోడపై వెలుగు, చీకటి పట్టీలు వరుసగా కనిపిస్తాయి. వరుస చీకటి పట్టీల మధ్య దూరాన్ని కొలిచి, తరంగదైర్ఘ్యాన్ని గోడకు గల దూరంతో గుణించి, వచ్చినదాన్ని పట్టీల మధ్య దూరంతో భాగిస్తే వెంట్రుక మందం తెలుస్తుంది. ఉదాహరణకు 650 నానోమీటర్ల లేజరు, 2 మీటర్ల దూరంలో గోడ, పట్టీల మధ్య 1.9 సెంటీమీటర్లు ఉంటే వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. లేజర్ కాంతిని గాని, అద్దం వంటి మెరిసే తలం నుండి పరావర్తనం చెందిన లేజర్ కిరణాన్ని గాని నేరుగా కంటితో చూడరాదు. యంగ్ అట్టముక్కతో చేసిన ప్రయోగంలో నీడ లోపల కనిపించిన చారలకు, ఈ పట్టీలకు మూలం ఒక్కటే: అడ్డంకికి రెండు వైపుల నుండి వచ్చిన కాంతి కొన్ని చోట్ల కలిసి వెలుగుగాను, మరి కొన్ని చోట్ల కలిసి చీకటిగాను మారడం.